రోబో శస్త్రచికిత్స డేటా: రోబో లేని మన జిల్లా ఆసుపత్రులకు ఇందులో ఏముంది?

జడ్చర్ల సర్జన్ (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఇరవై రెండేళ్లుగా జనరల్ సర్జరీ చేస్తున్నాను. నా కేసుల్లో ఎక్కువ భాగం ల్యాప్‌లో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో చూస్తూ చేసే గాల్‌బ్లాడర్, అపెండిక్స్, హెర్నియాలే. రోబోతో నేను రోగికి ఆపరేషన్ చేయలేదు. హైదరాబాద్‌లో రెండు మూడు సార్లు కన్సోల్ (సర్జన్ కూర్చుని రోబోను నడిపే చోటు) పక్కన కూర్చుని చూశాను, ఒకసారి సిమ్యులేటర్ మీద సాధన చేశాను. సాధన ముగియగానే నా రెండు చేతులు మొత్తం ఎంత దూరం తిరిగాయి, పనిముట్టు ఎన్నిసార్లు కెమెరా చూపు దాటి పోయింది, రెండు పనిముట్లు ఎన్నిసార్లు ఒకదానికొకటి తగిలాయి అన్న లెక్క తెర మీద ప్రత్యక్షమైంది. ఇన్నేళ్లలో నా పని గురించి నాకు ఎవరూ ఇవ్వని లెక్క అది. మా ప్రొఫెసర్ గారు తిట్లు ధారాళంగా ఇచ్చారు కానీ లెక్క ఇవ్వలేదు.

ఆ తరువాత చదవడం మొదలుపెట్టాను. రోబో ఆపరేషన్‌లో పోగయ్యే సమాచారంతో కొత్త సర్జన్లకు శిక్షణ ఇవ్వడమే కాక, ఆపరేషన్ జరుగుతుండగానే ‘ఇక్కడ కోయవచ్చు, అక్కడ కోయవద్దు’ అని తెర మీద చూపించే ప్రయత్నాలు చాలా చోట్ల సాగుతున్నాయి. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఈ డేటా నిజంగా ఏమి పట్టుకుంటుంది, ఏమి వదిలేస్తుంది? రోబో కొనే స్థోమత లేని నల్లగొండ, పాలమూరు ఆసుపత్రులకు దీనివల్ల ఒరిగేదేమైనా ఉందా, లేక ఇది నిమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రుల మాటేనా? తెలిసినవారు విపులంగా రాయాలని మనవి.

మిర్యాలగూడ డేటా ఇంజినీరు

డాక్టర్ గారు, నమస్కారం. మాది మిర్యాలగూడ, ఉద్యోగం హైదరాబాద్‌లో వీడియో విశ్లేషణ మీద. మొదటి సందేహానికి నాకు తెలిసినంత రాస్తాను.

రోబో ఆపరేషన్‌లో సమాచారం మూడు దారుల్లో వస్తుంది. మొదటిది లోపలి కెమెరా వీడియో, ఇది ల్యాప్‌లోనూ ఉంటుంది. రెండోది చేతుల కదలిక, అంటే కన్సోల్ దగ్గర సర్జన్ పట్టుకునే పిడులూ రోగి పక్కనున్న రోబో ఆర్ములూ ప్రతి క్షణం ఎక్కడ ఉన్నాయి, ఎటు తిరిగాయి, ఎంత వేగంతో కదిలాయి అన్న అంకెలు. మూడోది పెడల్ నొక్కడం, కెమెరా జరపడం, కాటరీ (కరెంటుతో కాల్చి కోసే, రక్తం ఆపే పనిముట్టు) వాడడం వంటి సంఘటనల చిట్టా. ల్యాప్ సర్జన్ చేతి కదలికను కొలవాలంటే పనిముట్లకు విడిగా సెన్సర్లు కట్టాలి. రోబోలో ఆ పని యంత్రమే చేసుకుంటుంది, ఎందుకంటే తన ఆర్ము ఎక్కడ ఉందో తెలియకపోతే అది కదలనే కదలలేదు.

పరిశోధకులందరూ వాడే ఒక డేటా ఉంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, డా విన్సీ రోబో తయారీ సంస్థ ఇన్‌ట్యూటివ్ కలిసి 2014లో విడుదల చేసిన ఆ డేటా పేరు జిగ్సాస్. కుట్టు వేయడం, ముడి వేయడం, సూదిని రింగుల్లోంచి దూర్చడం అనే మూడు పనులను 8 మంది చేశారు. సెకనుకు 30 సార్లు, ప్రతిసారీ 76 అంకెలు నమోదయ్యాయి. అంటే గంటకు 82 లక్షలకు పైగా అంకెలు. వినడానికి కొండంత, కానీ కంప్యూటర్‌కు ఇది చిటికెలో పని. ఒక గంట వీడియో ముందు ఈ అంకెలు ఆక్రమించే చోటు చాలా తక్కువ.

అసలు లోటు ఆ 8 మంది దగ్గర ఉంది. వారిలో రోబో మీద వంద గంటలు దాటినవారు ఇద్దరే, నలుగురైతే పది గంటలైనా చేయనివారు. పైగా ఇదంతా బల్ల మీద పెట్టిన నమూనాల మీద జరిగిన పని, మనిషి లోపల జరిగినది కాదు. ఇలాంటి డేటాతో నేర్చిన ప్రోగ్రాం ‘ఇది నిపుణుని చేయి’ అని గొప్పగా గుర్తుపట్టవచ్చు, కానీ అది నైపుణ్యాన్ని గుర్తుపట్టిందా, ఫలానా ఇద్దరి చేతివాటాన్ని బట్టీ పట్టిందా అన్నది తేల్చాలి. అందుకే ఒకరి డేటాను పూర్తిగా పక్కన దాచి, మిగిలిన ఏడుగురితో నేర్పి, ఆ దాచిన మనిషి మీద పరీక్షించే పద్ధతి ఉంది. అలా పరీక్షించినప్పుడు మార్కులు పడిపోవడం చాలా పత్రాల్లో కనిపిస్తుంది. ఎవరైనా తొంభై తొమ్మిది శాతం అని చెబితే, పరీక్ష ఏ పద్ధతిలో పెట్టారని ముందు అడగండి.

నల్లగొండ పీజీ

సార్, నేను సర్జరీ పీజీ రెండో సంవత్సరం. నేర్చుకునేవాడి వైపు నుంచి ఒక మాట.

మాకు లాగ్‌బుక్ ఉంటుంది. ఎన్ని కేసులు చూశాం, ఎన్ని అసిస్ట్ చేశాం, ఎన్ని సొంతంగా చేశాం అన్న సంఖ్యలు అందులో ఉంటాయి. ఎలా చేశామన్నది మాత్రం ఉండదు. సర్జన్ నైపుణ్యానికి మార్కులు వేసేందుకు 1997లో టొరంటోలో రూపొందించిన ఓశాట్స్ పద్ధతి, రోబో కోసం 2012లో వచ్చిన గేర్స్ పద్ధతి మా పాఠ్యంలో పేర్లుగా తెలుసు. గేర్స్‌లో లోతు అంచనా, రెండు చేతుల సమన్వయం, వృథా లేని కదలిక, కణజాలం మీద చూపే బలం, ఇతరుల సాయం లేకుండా చేయగలగడం, రోబో మీద అదుపు అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మార్కులు వేయాలంటే ఒక సీనియర్ కూర్చుని మొత్తం వీడియో చూడాలి. ఓపీలో రెండు వందల మంది ఎదురుచూస్తుంటే ఆ సమయం ఎవరికి ఉంటుంది? యంత్రం ఆ పని చేస్తే మాకు మేలే.

అయితే నా అనుభవం వేరుగా ఉంది. అట్టపెట్టెకు రంధ్రాలు చేసి, లోపల ఫోన్ కెమెరా పెట్టి, పాత గ్రాస్పర్లతో (పట్టుకునే పనిముట్లతో) చింతగింజలను ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి మార్చే సాధన హాస్టల్ గదిలో చేస్తున్నాను. స్నేహితులం పందెం పెట్టుకున్నాక అందరి వేగమూ పెరిగింది. తరువాత వీడియో చూసుకుంటే, వేగం కోసం గింజను విసిరేస్తున్నాం, గ్రాస్పర్‌ను పెట్టె అడుగుకు గుద్దుతున్నాం. అడుగున అట్ట ఉంది కాబట్టి సరిపోయింది, అక్కడ పేగు ఉంటే ఏమయ్యేది? సమయాన్నీ దూరాన్నీ మాత్రమే కొలిచే యంత్రం మమ్మల్ని కూడా ఇలాగే తయారు చేస్తుందేమోనని భయం.

వనపర్తి ఓటీ సిస్టర్

డాక్టర్ గారికి, మిగతా పెద్దలకు నమస్కారం. పద్నాలుగేళ్లుగా థియేటర్‌లో స్క్రబ్ చేస్తున్నాను, అంటే ఆపరేషన్‌లో పనిముట్లు అందిస్తున్నాను, అందులో మూడేళ్లు హైదరాబాద్‌లో రోబో థియేటర్‌లో పని చేశాను.

ఇంజినీరు గారు చెప్పిన 76 అంకెల్లో నేను లేను. ఆ మాట నిష్ఠూరంగా అనడం లేదు, డేటా గురించి మాట్లాడుతున్నాం కాబట్టి చెబుతున్నాను. కన్సోల్ రోగికి దూరంగా ఉంటుంది. రోగి పక్కన నిలబడి సక్షన్ (రక్తం పీల్చే గొట్టం) పెట్టేది, పనిముట్లు మార్చేది, చాలా కేసుల్లో మామూలు ల్యాప్ పోర్టులోంచి (పొట్టకు చేసిన రంధ్రంలోంచి) నాళాన్ని మూసే క్లిప్పు వేసేది పక్కనుండే అసిస్టెంటు. ఆ చేయి రోబోకు చెందినది కాదు కాబట్టి ఆ కదలిక ఎక్కడా నమోదు కాదు. రక్తం కారినప్పుడు ఆపరేషన్‌ను నిలబెట్టేది చాలాసార్లు ఆ సక్షనే. రేపు ఈ డేటా చూసి ‘సర్జన్ చక్కగా రక్తస్రావం ఆపారు’ అని మార్కులు వేస్తే, ఆ మార్కుల్లో సగం పక్కన నిలబడిన అమ్మాయివి.

ఇంకొకటి. స్కోపు (లోపలికి పంపే కెమెరా గొట్టం) మీద ఆవిరి పట్టడం, కాటరీ పొగ, అద్దం మీద రక్తపు చుక్క, వేడినీళ్లలో తుడిచి మళ్లీ లోపలికి పంపడం రోజూ ఉండేవే. మేము పని చేసిన చోటికి వీడియోలు తీసుకునేందుకు వచ్చిన ఒక బృందం ఆ ముక్కలన్నీ కత్తిరించి, శుభ్రమైన భాగాలు మాత్రమే పట్టుకుపోయింది. సూచన అవసరం పడేది ఎప్పుడు? అంతా స్పష్టంగా కనబడుతున్నప్పుడు డాక్టర్ గారికే తెలుసు. పొగ కమ్మినప్పుడు యంత్రం ఏమంటుందో నాకు చూడాలని ఉంది.

జడ్చర్ల సర్జన్

సిస్టర్ గారు, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. నా క్లిప్పుల్లో ఎన్ని నిజంగా నావో ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ల్యాప్ గాల్‌బ్లాడర్‌లో మేము అందరికన్నా ఎక్కువగా భయపడేది కాలేయం నుంచి పిత్తాన్ని పేగుకు చేర్చే పిత్తనాళానికి, అంటే కామన్ డక్ట్‌కు గాయం కావడం. కోయవలసింది గాల్‌బ్లాడర్‌ను దానికి కలిపే సిస్టిక్ డక్ట్ అనే చిన్న నాళాన్ని. ఏళ్ల కిందట, ఇక్కడ పేరు అనవసరమైన ఒక ఆసుపత్రిలో, నాకు సీనియర్ అయిన ఒక సర్జన్‌కు నేను కెమెరా పట్టుకున్నాను. ఆయన చేయి వెన్నలా నడిచేది. ఆ రోజు కూడా వణుకు లేదు, తొందర లేదు. సిస్టిక్ డక్ట్ అనుకుని కామన్ డక్ట్‌కు క్లిప్పులు వేసి కోశారు. నేనూ అది సిస్టిక్ డక్టే అనుకున్నాను, తెర చూస్తున్న మరో ఇద్దరూ అలాగే అనుకున్నారు. రోగికి కామెర్లు వచ్చిన మూడో రోజున గానీ మాకు తెలియలేదు.

తరువాత చాలా కాలానికి, 2003లో అచ్చయిన ఒక అధ్యయనం చదివాను. అలాంటి 252 గాయాలను పరిశీలించి, 97 శాతంలో మూలకారణం కంటి భ్రమేననీ, చేతి నైపుణ్యంలో లోపం కేవలం 3 శాతం గాయాల్లోనే ఉందనీ తేల్చారు. అంటే ఆ రోజు మా సీనియర్ చేతి కదలికలను ఏ రోబో నమోదు చేసినా, ఏ ప్రోగ్రాం మార్కులు వేసినా, ఆయనకు మొదటి ర్యాంకే వచ్చేది. తప్పుడు నాళాన్ని అంత నేర్పుగా కోశారు.

అలాగని చేతికి విలువ లేదనడం లేదు. 2013లో అచ్చయిన మరో అధ్యయనంలో, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో 20 మంది సర్జన్లు ఊబకాయానికి చేసే బైపాస్ ఆపరేషన్ వీడియోలను, పేర్లు తెలియకుండా తోటి సర్జన్ల చేత మార్కులు వేయించారు. అట్టడుగు మార్కులు వచ్చినవారి రోగుల్లో 14.5 శాతం మందికి, పైవరుసలోని వారి రోగుల్లో 5.2 శాతం మందికి ఆపరేషన్ తరువాత ఇబ్బందులు వచ్చాయి. కుట్టు ఎక్కువగా ఉండే ఆపరేషన్‌లో చేయి ముఖ్యం, గాల్‌బ్లాడర్‌లో కన్ను ముఖ్యం. శిక్షణకు ఏ డేటా కావాలన్నది ఆపరేషన్‌ను బట్టి మారాలని నా అభిప్రాయం. మనకు ఎక్కువగా ఉన్నది గాల్‌బ్లాడర్ కాబట్టి, మనకు కావలసింది ఆర్ముల అంకెల కన్నా వీడియో. ఆ వీడియో మన ల్యాప్ టవర్‌లోనే (కెమెరా యంత్రం, తెర ఉండే స్టాండులోనే) ఉంది, ప్రతి రాత్రి చెరిపేస్తున్నాం.

మిర్యాలగూడ డేటా ఇంజినీరు

డాక్టర్ గారు, ఆ 252 కేసుల సంగతి నాకు తెలియదు. నేను అంకెల వైపు నుంచే ఆలోచిస్తూ వచ్చాను, నా అంచనా మార్చుకుంటున్నాను.

కంటి భ్రమకు మందుగా సర్జన్లు స్వయంగా 1995లోనే ఒక నియమం పెట్టుకున్నారు కదా, క్రిటికల్ వ్యూ అని. సిస్టిక్ డక్ట్, కాలేయం మధ్యనున్న త్రికోణంలోని కొవ్వునూ నారనూ పూర్తిగా తీసివేయాలి, గాల్‌బ్లాడర్ కింది మూడో వంతును కాలేయం నుంచి విడదీయాలి, అప్పుడు గాల్‌బ్లాడర్‌లోకి పోయేవి రెండే రెండు నిర్మాణాలు కనబడాలి. ఈ మూడూ నెరవేరాయా అని వీడియోలో చూసి చెప్పే ప్రోగ్రాములు వచ్చాయి. కోయదగిన చోటును ఒక రంగులో, ప్రమాదకరమైన చోటును మరో రంగులో చూపే ప్రోగ్రాం ఒకటి 37 దేశాల నుంచి వచ్చిన 290 వీడియోలతో తయారైంది. దానికి భిన్నంగా, ఆపరేషన్ ఏ దశలో ఉందో గుర్తించడానికి అందరూ వాడే కోలెక్80 అనే డేటాలోని 80 వీడియోలూ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 13 మంది సర్జన్లు చేసినవే. మన దగ్గర నొప్పి మొదలైన ఏడాదికి, అదీ మూడు ఊర్ల ఆర్‌ఎంపీ మందులు అయిపోయాక వచ్చే రోగి గాల్‌బ్లాడర్ గోడ ఎలా ఉంటుందో ఆ 80 వీడియోలకు ఎంతవరకు తెలుసు?

తక్షణ సూచనలో మరో చిక్కు ఆలస్యం. వీడియో సెకనుకు 30 చిత్రాలతో నడిస్తే ఒక్కో చిత్రానికి దక్కే సమయం 33 మిల్లీసెకన్లు. ప్రోగ్రాం లెక్కవేసి రంగు పూయడానికి 200 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. కెమెరా పట్టుకున్నవారు సెకనుకు 5 సెంటీమీటర్ల మేర దృశ్యాన్ని జరిపితే, రంగు అసలు చోటు నుంచి 1 సెంటీమీటరు పక్కకు పడుతుంది. నాళం వెడల్పే కొన్ని మిల్లీమీటర్లు. అందుకే కదిలే దృశ్యం మీద రంగు పూయడం కన్నా, క్లిప్పు వేయడానికి ముందు అర నిమిషం కెమెరా నిలిపి, ఆ నిశ్చలమైన దృశ్యం మీద ‘మూడు షరతుల్లో ఏవి కనబడుతున్నాయి’ అని అడిగించడం మేలని నాకు తోస్తోంది. పొగ గురించి సిస్టర్ గారు అడిగినదానికి నా జవాబు ఇది: చాలా ప్రోగ్రాములు పొగలోనూ ఏదో ఒక రంగు పూసేస్తాయి, ఎందుకంటే ‘తెలియదు’ అని చెప్పడం వాటికి ఎవరూ నేర్పలేదు. శుభ్రమైన ముక్కలతో నేర్పినవారు ఆ మాట నేర్పలేరు కూడా. ఆ బృందం కత్తిరించిందని మీరు చెప్పిన ముక్కలే దానికి పాఠ్యపుస్తకం.

కల్వకుర్తి మత్తు వైద్యుడు

రంగులు పూసేవారందరికీ తెర అవతలి వైపు నుంచి ఒక విన్నపం.

నా మానిటర్‌లో ఇప్పటికే అలారాలు మోగుతూనే ఉంటాయి. వేలి క్లిప్పు జారితే ఒకటి, కాటరీ నొక్కితే ఈసీజీ గీత చెదిరి ఒకటి. వంద మోగితే తొంభై పైగా ఉత్తుత్తివే, కాబట్టి చెయ్యి అలవాటుగా బటన్ మీదికి పోయి నోరు నొక్కేస్తుంది. అసలైనది కూడా అలా పోయే ప్రమాదం ఉంది. శస్త్రచికిత్స సూచన కూడా నిమిషానికోసారి మెరిస్తే, నెల తిరిగేసరికి సర్జన్ దాన్ని ఆర్పేయమంటారు. ఇంజినీరు గారు చెప్పినట్టు ఒకే ఒక్క చోట, క్లిప్పుకు ముందు ఆగి అడిగే పద్ధతి నాకు నచ్చింది.

అదీగాక ఈ డేటాలో రోగి కూడా లేడు. కడుపులో గ్యాసు ఒత్తిడి ఎంత ఉంది, తల కిందికి వంచిన రోగికి బీపీ ఎలా ఉంది, సర్జన్ ఎందుకు ఆగారు అన్నవి ఎవరూ జోడించడం లేదు. నేను ‘కొంచెం ఆగండి, గ్యాసు తగ్గించండి’ అన్నందుకు సర్జన్ నాలుగు నిమిషాలు ఆగితే, అంకెల్లో ఆ నాలుగు నిమిషాలు ఆయన తడబాటుగా నమోదవుతాయి.

దేవరకొండ వాసి

నేను డాక్టర్‌ను కాను, ఇంజినీరునూ కాను. మా అమ్మకు కిందటేడు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది, బాగుంది. పై రాతలన్నీ చదివాక రెండు సందేహాలు వచ్చాయి. కడుపు లోపల తీసిన ఆ వీడియో ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఆపరేషన్‌కు ముందు అమ్మ వేలిముద్ర వేసిన కాగితంలో దాని గురించి ఏమైనా రాసి ఉందా? మాకు ఎవరూ చదివి వినిపించలేదు. రెండోది, యంత్రం ‘కోయవచ్చు’ అని చూపి, డాక్టర్ గారు కోసి, తప్పు జరిగితే మేము ఎవరిని అడగాలి? మీ చర్చకు అడ్డం వచ్చి ఉంటే మన్నించండి.

సూర్యాపేట న్యాయవాది

అడ్డం ఎలా అవుతుందండీ, అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు ఇవి.

వైద్యుల నడవడికపై 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, రోగి ఎవరో తెలిసిపోయేలా ఉంటే వారి ఫొటోలను గానీ కేసు వివరాలను గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదు. గుర్తింపు బయటపడకపోతే అనుమతి అవసరం లేదు. కడుపు లోపలి దృశ్యంలో ముఖం ఉండదు కాబట్టి ఇబ్బంది లేదని కొందరు వాదిస్తారు. కానీ స్కోపు బయటికి తీసి తుడిచేటప్పుడు కెమెరా ఆగదు. థియేటర్‌లోని మనుషులు, గోడ మీది కేసుల పట్టిక, ఒక్కోసారి రోగి ముఖం కూడా నమోదవుతాయి. ఫైలు పేరులో ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబరు), తెర మూలన తేదీ, సమయం ఉంటాయి. ఇవన్నీ కలిస్తే దేవరకొండ అమ్మగారిని గుర్తుపట్టడం కష్టం కాదు. కాబట్టి బయటి దృశ్యాలను తొలగించడం, ఫైలు పేర్లు మార్చడం, శబ్దం తీసివేయడం మొదటి మెట్టు.

అనుమతి విషయానికి వస్తే, 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరొకదానికి చెల్లదని స్పష్టం చేసింది. ఆ తీర్పు వీడియోల గురించి కాదు, అయినా అందులోని తర్కాన్ని ఇక్కడికి తేవడం న్యాయమే. ఆపరేషన్ చేయించుకోవడానికి వేసిన వేలిముద్ర, ఆ వీడియోతో యంత్రానికి పాఠం నేర్పడానికి వేసిన వేలిముద్ర కాదు. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, అది కూడా ఏ ప్రయోజనానికి తీసుకుంటున్నారో చెప్పి సమ్మతి తీసుకోమంటుంది. తెలుగులో, వేరే కాగితం మీద, ‘వద్దంటే మీ చికిత్సలో తేడా ఉండదు’ అన్న వాక్యంతో, చదివి వినిపించి తీసుకోవాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఉచితంగా ఆపరేషన్ చేయించుకునే రోగికి ‘వద్దు’ అనే ధైర్యం ఉండదు, కాబట్టి ఆ వాక్యం ఆ రోగికే ఎక్కువ అవసరం.

రెండో ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సూచన ఎవరిదైనా కోసిన చేయి వైద్యుడిది, వైద్యుడే జవాబు చెప్పాలి. తయారీదారుపై వేరుగా దావా వేయవచ్చు, కానీ రోగి మొదట తట్టేది ఆసుపత్రి తలుపే.

పాలమూరు యువ సర్జన్

అందరూ భయాలే రాస్తున్నారు. 2025లో జాన్స్ హాప్‌కిన్స్ వారి రోబో, వీడియోలు చూసి నేర్చుకుని, మనిషి చేయి లేకుండా 8 పంది గాల్‌బ్లాడర్ల మీద క్లిప్పులు వేసి కోసింది. మనం ఇంకా కాగితాల దగ్గరే ఉన్నాం.

మిర్యాలగూడ డేటా ఇంజినీరు

తమ్ముడూ, నిజమే, నేనూ చదివాను, మంచి పని. కానీ అవి శరీరం నుంచి బయటికి తీసిన అవయవాలు. రక్తం కారదు, ఊపిరితో కడుపు కదలదు, పాత వాపుతో అతుక్కుపోయిన నార ఉండదు. ఇక్కడ మనం మాట్లాడుతున్నది ఆ మూడూ ఉన్న రోగి గురించి.

నిర్వాహకుడు

రోబోల ధరల గురించి వచ్చిన నాలుగు టపాలను వేరే చర్చకు మార్చాను. దయచేసి డేటా, శిక్షణ, సూచనల మీదే కొనసాగించండి.

భువనగిరి బయోమెడికల్

ధర మాట ఎత్తను, కానీ యాజమాన్యం మాట ఎత్తక తప్పదు. డా విన్సీకి అమెరికాలో అనుమతి వచ్చింది 2000లో. అప్పటి నుంచి ఎన్ని ఆపరేషన్లు జరిగినా, ఆర్ముల కదలికల ముడి అంకెలు ఆసుపత్రి చేతికి నేరుగా రావు. కంపెనీ ఇచ్చే సారాంశం వస్తుంది, ముడి అంకెలు కావాలంటే పరిశోధన ఒప్పందం కావాలి. పాత రోబోల విడిభాగాలతో విశ్వవిద్యాలయాలకు 2012 నుంచి అందుతున్న పరిశోధన కిట్ వల్లనే ఈ రంగంలో బహిరంగ పరిశోధన ఇంతగా జరిగింది. మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర రోబో వచ్చింది, దానితో 2025 జనవరిలో గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరంలోని జైపూర్‌లో గుండె ఆపరేషన్ చేశారు. ఎవరి రోబో కొన్నా, కొనే రోజునే ‘మా రోగుల ముడి డేటా మాకు ఇవ్వాలి’ అని ఒప్పందంలో రాయించుకోవాలి. ఆ తరువాత అడిగితే ఇవ్వరు. మిషన్ల సర్వీసు ఒప్పందాల్లో ఇరవై సార్లు దెబ్బతిని చెబుతున్నాను.

రోబో లేని ఆసుపత్రికి ఇవేవీ అక్కర్లేదు. ల్యాప్ టవర్ వెనుక వీడియో బయటికి వచ్చే పోర్టు ఉంటుంది. దానికి ఒక రికార్డరు, ఒక హార్డ్ డిస్క్, తాళం వేసిన అల్మారా, చిట్టా రాసే ఒక మనిషి ఉంటే చాలు. చివరిదే దొరకడం కష్టం. పెన్ డ్రైవులో వేసుకుని ఇంటికి తీసుకుపోయే అలవాటు మాత్రం ముందు మానాలి.

జడ్చర్ల సర్జన్

నాకు దారి కొంత కనబడుతోంది. తక్షణ సూచన జోలికి ఇప్పుడే పోను. మా దగ్గర వచ్చే నెల నుంచి, న్యాయవాది గారు చెప్పిన విధంగా వేరే సమ్మతి పత్రం తీసుకుని, గాల్‌బ్లాడర్ వీడియోలు దాచడం మొదలుపెడతాను. ప్రతి వీడియోలో క్లిప్పు వేసే క్షణానికి ముందు రెండు నిమిషాలను ఇద్దరు సర్జన్లు విడివిడిగా చూసి, మూడు షరతులకు అవును, కాదు, కనబడడం లేదు అని గుర్తు పెట్టాలి. మూడో గడి సిస్టర్ గారి కోసం. మత్తు వైద్యుడు గారు ఆగమన్న సమయాలు కూడా చిట్టాలో రాయిస్తాను. నల్లగొండ పీజీ, నీ దగ్గర సమ్మతి ఉన్న వీడియో ఏదైనా ఉంటే నువ్వూ మీ అసిస్టెంట్ ప్రొఫెసర్ గారూ ఇలా ఒకసారి ప్రయత్నించి, ఇబ్బంది ఎక్కడ వస్తుందో రాయగలవా?

నల్లగొండ పీజీ (తొమ్మిది రోజుల తరువాత)

సార్, ప్రయత్నించాం. పోయిన నెల డిపార్ట్‌మెంట్ సెమినార్ కోసం రోగి రాతపూర్వక సమ్మతితో తీసిన వీడియో ఒకటి ఉంది. చేసింది మా అసిస్టెంట్ ప్రొఫెసర్ గారే, కెమెరా నాది. రాత్రి డ్యూటీ గదిలో ఇద్దరం వేర్వేరుగా చూసి కాగితం మీద గుర్తులు పెట్టి, తరువాత పక్కపక్కన పెట్టి చూశాం.

మొదటి వీడియోకే మా గుర్తులు కలవలేదు. గాల్‌బ్లాడర్‌లోకి రెండే నిర్మాణాలు పోతున్నాయన్న షరతుకు ఇద్దరం అవును అన్నాం. కింది భాగం కాలేయం నుంచి విడిపోయిందన్న షరతుకు సార్ అవును అన్నారు, నేను కనబడడం లేదు అన్నాను. సార్ మొదట ఒప్పుకోలేదు, ‘నేనే విడదీశాను, నాకు తెలియదా’ అన్నారు. వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాం. ఆయన విడదీసిన మాట నిజం, కానీ ఆ సమయంలో కెమెరా పట్టుకున్న నేను పనిముట్టు కొన మీదే దృష్టి పెట్టి, వెనుక వైపు ఒక్కసారైనా చూపించలేదు. ఆయన జ్ఞాపకంలో ఉన్నది వీడియోలో లేదు. ఇదే వీడియోకు ‘అవును’ అని గుర్తు పెట్టి ప్రోగ్రాంకు ఇచ్చి ఉంటే, కనబడనిదాన్ని చూసినట్టు చెప్పడం దానికి నేర్పి ఉండేవాళ్లం.

ఆ మర్నాటి కేసులో సార్ క్లిప్పు అందుకునే ముందు ఆగి, ‘వెనుక చూపించు’ అన్నారు.

జడ్చర్ల సర్జన్

బాగా రాశావు నాయనా. ఇద్దరి కాగితాలూ పారేయకుండా దాచండి, తేడా వచ్చిన చోట నిమిషం, సెకను పక్కన రాయండి. కెమెరా పట్టుకున్నవారి పేరు కాకుండా అనుభవం ఎన్నేళ్లన్నది ఒక గడిలో చేర్చుదాం, ఆ గడి నాకు తట్టనే లేదు. భువనగిరి గారు, మా టవర్ పదకొండేళ్ల పాతది, వెనుక గుండ్రని ఎస్-వీడియో పోర్టు, ఒక డీవీఐ పోర్టు ఉన్నాయి. రికార్డరుకు ఏ తీగ తేవాలో చెప్పగలరా?

భువనగిరి బయోమెడికల్

డీవీఐనే వాడండి డాక్టర్ గారు, గుండ్రని దాంట్లో నాళం అంచులు మసకబారతాయి. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే తీగ కోఠిలో దొరుకుతుంది. ఆదివారం నేను జడ్చర్ల మీదుగానే కర్నూలు వెళ్తున్నాను, తెచ్చి బిగించి వెళ్తాను.